పాలపిట్ట పక్కన పెద్దపీట

హైదరాబాద్‌లోని బిర్లా సైన్స్ సెంటర్‌లో ఒక అస్థిపంజరం నిలబడి ఉంటుంది. పొడుగు మెడ, పొడుగు తోక, మండపం స్తంభాల్లాంటి నాలుగు కాళ్లు. నేను ఉద్యోగం విరమించే ముందు ఏడాది మా బడి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లాను. ఏడో తరగతి పిల్లవాడొకడు దాని కాళ్ల దగ్గర నిలబడి, మెడ వెనక్కి వంచి చాలాసేపు చూసి, "సార్, ఇది ఏ దేశంది?" అన్నాడు.

"మనదేరా. ప్రాణహిత దిక్కు దొరికింది. మీ అమ్మమ్మ ఊరి నుంచి బస్సెక్కితే ఒక పూట ప్రయాణం."

వాడు నమ్మలేదు. "ఊకో సార్, మన దగ్గర గిసొంటివి ఎందుకుంటయ్?" అన్నాడు. పక్కనున్న పిల్లలు నవ్వారు. ఆ నవ్వులో నా మీద వెక్కిరింపు లేదు. మన దగ్గర అంత గొప్పది దొరకదన్న గట్టి నమ్మకం ఉంది. ముప్పై ఏళ్లు సైన్స్ చెప్పి నేను పిల్లలకు అంటించిన జబ్బు ఇదేనా అనిపించింది. టీ-రెక్స్ బొమ్మ గీయమంటే పళ్లతో సహా గీస్తారు. యామన్‌పల్లి పేరు చెబితే ఏ మండలమని అడుగుతారు.

ఉపాధ్యాయ మిత్రులారా, సర్పంచులారా, ప్రాణహిత ఒడ్డున పత్తి వేసుకునే అన్నలారా, అక్కలారా, బడి పిల్లలారా! మీ ముందుకు ఒక పని తెచ్చాను. దాని పేరు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్. దాన్ని తెలంగాణ రాష్ట్ర చిహ్నాల్లో ఒకటిగా చేయించాలి. పాలపిట్ట, జింక, జమ్మి చెట్టు, తంగేడు పువ్వు ఉన్న వరుసలో దానికి ఒక పీట వేయించాలి. ప్రభుత్వం తనంతట తాను చేస్తుందని కూర్చుంటే ఇంకో 18 కోట్ల ఏళ్లు పడుతుంది. అడగాల్సింది మనమే.

ముందు మనిషిని పరిచయం చేయాలి కదా. మనిషి అంటున్నాను, మీరేమీ అనుకోకండి. దాన్ని తలచుకుంటే నాకు ఇంటి పెద్ద గుర్తుకొస్తాడు.

పాత ఆదిలాబాద్ జిల్లాలో, ప్రాణహిత లోయలో, యామన్‌పల్లి అనే ఊరి దగ్గర 1970లలో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ, అదే మనం జీఎస్ఐ అనేది, ఎముకల కుప్పను కనిపెట్టింది. ఒకటో రెండో కాదు, 840 దాకా ఎముకలు. అవన్నీ దొరికిన జాగా దాదాపు 2,400 చదరపు మీటర్లు. మన లెక్కలో 24 గుంటలు. ఒక చిన్న రైతు చెల్క కన్నా తక్కువ. ఆ 24 గుంటల్లో కనీసం 12 జీవుల ఎముకలు కలగలిసి పడి ఉన్నాయి. ఏదో పాత నది వాటిని కొట్టుకొచ్చి అక్కడ పడేసి, పైన మట్టి కప్పి పోయింది. జీఎస్ఐ శాస్త్రజ్ఞుడు పి. యాదగిరి ఆ ఎముకల్ని ఏళ్ల తరబడి చదివి, 1988లో దానికి పేరు పెట్టారు. ప్రాణహిత అవతలి ఒడ్డున సిరొంచ దగ్గరున్న కోట అనే ఊరి పేరు మీద అక్కడి రాతిపొరను కోటా ఫార్మేషన్ అంటారు. ఆ కోట నుంచి కోటాసారస్ వచ్చింది. యామన్‌పల్లి నుంచి యామన్‌పల్లియెన్సిస్ వచ్చింది. ఇంటిపేరు అవతలి ఒడ్డుది, సొంతపేరు ఇవతలి ఒడ్డుది. నది రెండు ఒడ్ల మధ్య పెళ్లి సంబంధాలు ఉన్న ఊళ్లవాళ్లకు ఇదేమీ వింత కాదు.

పొడవు దాదాపు 9 మీటర్లు ఉండొచ్చని, బరువు రెండున్నర టన్నులు ఉండొచ్చని అంచనా. అంటే ఒక మోస్తరు ఏనుగంత. సారోపాడ్‌లని పొడుగు మెడల మహాకాయులు ఉన్నారు కదా, తర్వాత కాలంలో వంద అడుగులు పెరిగినవి, ఆ వంశంలో ఇది తొలి తరాల జీవి. అందుకే ప్రపంచంలో ఎక్కడ ఆ వంశవృక్షం గీసినా మొదలు దగ్గర మన యామన్‌పల్లి పేరు తగులుతుంది. మన ఊళ్ల పేర్లు ఎన్ని పుస్తకాల్లో అట్లా పదిలంగా ఉన్నాయో మీరే చెప్పండి. జంతువులకు పేర్లు పెట్టే అంతర్జాతీయ నియమాల్లో ఒక సుగుణం ఉంది. మొదటి పేరు, అంటే ప్రజాతి పేరు, రేపు పరిశోధనల్లో మారినా మారొచ్చు. రెండో పేరు మాత్రం ఆ జీవి వెంటే పోతుంది. జిల్లాలు విడిపోయినా, మండలాలు కలిసిపోయినా యామన్‌పల్లి అన్న మాట అక్కడ చెరగదు.

పిల్లలకు నేను చెప్పే మాట ఒకటుంది, పెద్దలకూ చెబుతాను. కోటాసారస్ ఈ నేల మీద తిరిగినప్పుడు హిమాలయాలు లేవు. దక్కన్ పీఠభూమిని కప్పిన లావా ఇంకా పొంగలేదు. మనం ఉన్న ఈ భూభాగం ఆఫ్రికాతో, అంటార్కిటికాతో అతుక్కుని దక్షిణాన ఎక్కడో ఉండేది. తంగేడు సంగతి అటుంచండి, పువ్వుల కాలమే ఇంకా రాలేదు. అది తిన్నది ఫెర్న్ ఆకులు, సైకస్ జాతి చెట్లు, సూదుల ఆకుల చెట్లు. పాలపిట్ట లేదు, ఏ పిట్టా లేదు.

పాలపిట్ట దగ్గర కాసేపు ఆగుతాను. పక్షులు డైనోసార్ల సంతతి అన్న సంగతి శాస్త్రజ్ఞులు ఇప్పుడు పిట్టకథలా చెప్పరు, స్థిరపడిన విషయంగా చెబుతారు. రెండు కాళ్ల మీద నడిచిన మాంసాహార డైనోసార్ల శాఖ నుంచి ఈకలు, రెక్కలు వచ్చి పక్షులయ్యాయి. కోటాసారస్ వేరే శాఖ, ఆకులు తినే నాలుగు కాళ్ల శాఖ. వరస కలిపితే పాలపిట్టకు అది పెదనాయన అవుతుంది. అంటే 2014 నవంబరులో తెలంగాణ తన రాష్ట్ర పక్షిని ప్రకటించిన రోజునే మనం ఒక డైనోసార్ వారసుణ్ణి చిహ్నంగా ఎంచుకున్నాం, మనకు తెలియకుండానే. దసరా నాడు ఊరి పొలిమేరకు వెళ్లి చెట్టు కొమ్మల్లో నీలిరంగు కోసం వెతుక్కుంటాం చూడండి, ఆ వెతుకులాట కోట్ల ఏళ్ల చుట్టరికాన్ని చూసుకోవడమే. తమ్ముడి కొడుకును పీట మీద కూర్చోబెట్టి పెదనాయనను వాకిట్లో నిలబెట్టే ఇల్లు మనది కాకూడదు.

"రాక్షసబల్లిని రాష్ట్ర చిహ్నం చేస్తారా?" అని మా ఊరి పెద్దాయన ఒకరు ముఖం చిట్లించారు. ఆ మాటతోనే వచ్చింది తంటా. 1842లో రిచర్డ్ ఓవెన్ గ్రీకు మాటలు కలిపి భయంకరమైన బల్లి అన్న అర్థంలో డైనోసార్ అని పేరు పెట్టాడు. మనవాళ్లు దాన్ని రాక్షసబల్లి చేశారు. పాపం, ఆకులు తిని, ఎవరి జోలికీ పోకుండా, మందతో తిరిగి, వరదకు కొట్టుకుపోయిన జీవిని రాక్షసి అనడం ఎంత అన్యాయం! మన అడవుల్లో ఇనుపయుగపు జనం పెద్ద బండలతో కట్టుకున్న సమాధుల్ని కూడా రాక్షస గుళ్లు అన్నాం. మనకు అర్థం కానంత పెద్దది ఏది కనిపించినా రాక్షసుల ఖాతాలో వేయడం మనకు పాత అలవాటు. ఆ అలవాటును ఇక చాలించుకుందాం. పిల్లల దగ్గర కోటాసారస్ అనే అనండి, నోరు తిరుగుతుంది.

ఇలాంటి కోరిక ఎక్కడైనా నెరవేరిందా అని అడుగుతారు. నెరవేరింది, పదుల చోట్ల. చాలా చోట్ల అడిగింది పిల్లలే.

అమెరికాలో కొలరాడో రాష్ట్రం 1982లో స్టెగోసారస్‌ను అధికారిక శిలాజంగా చేసుకుంది. దాని వెనక నాలుగో తరగతి పిల్లల పోరు ఉంది. న్యూజెర్సీలో ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు, ఆమె పిల్లలు 1988 నుంచి ఉత్తరాలు రాసి, చట్టసభ మెట్లెక్కి, 1991లో హాడ్రోసారస్ ఫౌల్కీని రాష్ట్ర డైనోసార్‌ను చేయించారు. మూడేళ్లు పట్టింది. మొదలుపెట్టిన పిల్లలు అప్పటికి పై తరగతులకు వెళ్లిపోయారు. ఆ హాడ్రోసారస్ 1858లో హాడన్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఎరువుమట్టి తవ్వే గోతిలో దొరికింది. 1868లో ఫిలడెల్ఫియాలో దాన్ని నిలబెట్టారు. ప్రపంచంలో జనం చూసేలా అమర్చిన మొట్టమొదటి డైనోసార్ అస్థిపంజరం అదే. దానికి తల దొరకలేదు. శిల్పి హాకిన్స్ ఇగువానా బల్లి తలను చూసి ప్లాస్టర్‌తో ఒక తల చేసి తగిలించాడు.

తల సంగతి ఎందుకు ఎత్తానంటే, మన కోటాసారస్‌కు కూడా తల లేదు. 840 ఎముకల్లో తలకు చెందినవని చెప్పుకోదగ్గవి రెండు పళ్లే. బిర్లా సైన్స్ సెంటర్‌లో మీరు చూసే తల ఊహించి చేసి పెట్టింది. నిజం చెబితే పిల్లలు నిరుత్సాహపడతారని కొందరు ఉపాధ్యాయులు దాటేస్తారు. నేను చెప్పేశాను. ఆ ఏడో తరగతి వాడికి అప్పుడు హుషారు వచ్చింది. "అయితే తల ఇంకా ఆ మట్టిలనే ఉన్నట్టు, సార్!" అన్నాడు. ఉంది, లేదని ఎవరన్నారు? వచ్చే వానాకాలంలో ఎవరి నాగలికి తగులుతుందో ఎవరికి తెలుసు?

వాషింగ్టన్ రాష్ట్రం కథ ఇంకా తమాషాగా ఉంటుంది. 2012లో సూషియా అనే దీవి తీరాన వాళ్లకు దొరికింది ఒకే ఒక్క ఎముక, అది కూడా విరిగిన తొడ ఎముక ముక్క. ఏ జాతిదో తేల్చడానికి కూడా చాలదు. శాస్త్రీయంగా పేరే లేదు. అయినా ఒక బడిలో నాలుగో తరగతి పిల్లలు దాన్ని ముద్దుగా సూషియాసారస్ రెక్స్ అని పిలుస్తూ 2019లో అర్జీ పెట్టారు. మధ్యలో కరోనా వచ్చింది, బిల్లు ఆగింది, మళ్లీ వచ్చింది. 2023లో చట్టమైంది. విరిగిన ఒక్క ఎముకతో వాళ్లు రాష్ట్ర డైనోసార్‌ను సాధించుకున్నారు. 840 ఎముకలు పెట్టుకుని మనం మాట్లాడటం లేదు.

మసాచుసెట్స్ చెప్పే పాఠం వేరు, అది నన్ను రాత్రిళ్లు నిద్రపోనివ్వదు. 1910లో మిగ్నన్ టాల్బట్ అనే భూగర్భశాస్త్ర ఆచార్యురాలు తన కాలేజీ దగ్గర్లో నడుస్తూ ఒక రాతిలో చిన్న డైనోసార్ ఎముకలు చూసింది. మరుసటి ఏడు పొడోకెసారస్ అని పేరు పెట్టింది. డైనోసార్‌కు పేరు పెట్టిన తొలి మహిళ ఆమె. కొన్నేళ్లకే ఆ కాలేజీ భవనం అంటుకుని అసలు ఎముకలు కాలిపోయాయి. ముందే తీసి పెట్టిన ప్లాస్టర్ అచ్చులు మాత్రం మిగిలాయి. 2022లో ఆ రాష్ట్రం పొడోకెసారస్‌ను అధికారిక డైనోసార్‌గా ప్రకటించింది, చేతిలో ఒక్క అసలు ఎముక కూడా లేకుండా. పోయినదాన్ని తలచుకుని గౌరవించడం మంచిదే. మన దగ్గర ఉన్నది పోకముందే గౌరవిస్తే ఇంకా మంచిది.

టెక్సస్‌ను కూడా ఒక్క ముక్కలో చెప్పి వదిలేస్తాను. 1997లో వాళ్లు ప్లూరోసీలస్ అనే పేరును రాష్ట్ర డైనోసార్‌గా రాసుకున్నారు. తర్వాత ఒక విద్యార్థి పరిశోధనలో అక్కడ దొరికిన ఎముకలు ఆ జాతివి కావని తేలింది. 2009లో పాలుక్సీసారస్ అని మార్చి రాసుకున్నారు. ఎవరి పరువూ పోలేదు. తప్పు రాస్తామేమో అన్న భయంతో అసలు రాయకుండా కూర్చునేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. అన్నట్టు న్యూజెర్సీలో, టెక్సస్‌లో మన తెలుగు పిల్లలు లెక్కలేనంతమంది చదువుతున్నారు. అక్కడి బడుల్లో రాష్ట్ర పక్షి, రాష్ట్ర పువ్వు, రాష్ట్ర డైనోసార్ అని బట్టీ పడతారు. వేసవికి మంచిర్యాలకో కరీంనగర్‌కో వచ్చిన ఆ మనవడు "తాతా, మన స్టేట్ డైనోసార్ ఏంటి?" అని అడిగితే తాత ఏం చెబుతాడు?

ఇప్పుడు మన ఇంట్లోనే వచ్చే పోటీ సంగతి. కోటాసారస్ ఒక్కటేనా మన దగ్గర దొరికింది? కాదు, ఇక్కడే మన నేల సంపన్నత తెలుస్తుంది. ప్రాణహిత గోదావరి లోయ ప్రపంచంలోనే అరుదైన పుస్తకం. పొర మీద పొర తిరగేస్తే ట్రయాసిక్, జురాసిక్ యుగాలు వరసగా వస్తాయి. 1950ల చివర ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆహ్వానం మీద లండన్ నుంచి పమేలా రాబిన్సన్ కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చింది. ఆ సంస్థ (ఐఎస్ఐ) వాళ్లు మన లోయలో ఏళ్ల తరబడి తిరిగారు. ఎండలో తిరిగి, గుడారాల్లో పడుకుని, ఎర్రమట్టిలో తెల్లగా మెరిసే తునకల్ని ఏరారు. వాళ్ల కష్టం వల్ల మన ఊళ్ల పేర్లు డైనోసార్ల పేర్లయ్యాయి. ధర్మారం పేరు మీద లాంప్లుసారా ధర్మారమెన్సిస్, అందులో లాంప్లు అన్నది ఆ పమేలా రాబిన్సన్ పేరులోని మధ్యమాట. నంబాల పేరు మీద నంబాలియా. జక్లపల్లి పేరు మీద జక్లపల్లిసారస్. ఇక మాలేరి పొరల్లో అన్నారం దగ్గర దొరికిన ఎముకలకు 2025లో మాలేరిరాప్టర్ కుట్టీ అని పేరు పెట్టారు. దాన్ని కనిపెట్టిన ఐఎస్ఐ భూగర్భ శాస్త్రజ్ఞుడు టి.ఎస్. కుట్టి మీద ఆ రెండో మాట. అది 22 కోట్ల ఏళ్ల కిందటి మాంసాహారి, ప్రపంచంలోని పాత డైనోసార్లలో ఒకటి.

కుర్రకారుకు మాలేరిరాప్టరే నచ్చుతుందని నాకు తెలుసు. పళ్లు, గోళ్లు, వేట. ఓటు పెడితే అదే గెలుస్తుందేమో. అయినా నా ఓటు కోటాసారస్‌కే. కారణం చెబుతాను. మాలేరిరాప్టర్‌ది కొన్ని ఎముకల కథ. కోటాసారస్‌ది ఒక మంద కథ. పన్నెండు జీవులు ఒకే చోట, చిన్నా పెద్దా కలిసి. దాన్ని కనిపెట్టి, చదివి, పేరు పెట్టి, హైదరాబాద్‌లో జనం చూసేలా నిలబెట్టిందీ మన గడ్డ మీది మనుషులే. పిల్లవాడు తాకబోయి చెయ్యి వెనక్కి తీసుకునేంత దగ్గరగా చూడగలిగిన డైనోసార్ మనకు అదొక్కటే. చిహ్నం అంటే కంటికి కనబడాలి.

అవతలి ఒడ్డు సంగతి వస్తే, బారాపాసారస్ టాగోరెయ్ ఉంది. సిరొంచ దగ్గర పోచంపల్లి అనే ఊళ్లో దాని ఎముకలు దొరికాయి. పోచమ్మ పేరున్న ఊరు, తెలుగు మాట్లాడే జనం, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా. దాదాపు 300 ఎముకలు. తొడ ఎముక ఒకటి 1.7 మీటర్లు, నిలబెడితే నా నెత్తి దాటిపోతుంది. ఎముకల తవ్వకం 1961లో, రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి ఏట సాగింది, అందుకని ఆ పేరు. అది ఇప్పుడు కోల్‌కతాలోని ఐఎస్ఐలో నిలబడి ఉంది. మహారాష్ట్ర సోదరులు దాన్ని తమ చిహ్నం చేసుకుంటే మనం చప్పట్లు కొడదాం. ఆ రెండు జీవులు తిరిగినప్పుడు ప్రాణహితా లేదు, సరిహద్దూ లేదు.

"పంటకు ధర లేదు, పిల్లలకు కొలువుల్లేవు, ఇప్పుడు డైనోసార్ కావాల్సి వచ్చిందా?" ఇది న్యాయమైన ప్రశ్న. దీన్ని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. నేను డబ్బు అడగటం లేదు. పార్కు కట్టమని, ఫౌంటెన్లు పెట్టమని, సిమెంటు బొమ్మ నిలబెట్టి రిబ్బను కత్తిరించమని అడగటం లేదు. సిమెంటు బొమ్మల మీద నాకు పెద్దగా గౌరవం లేదు కూడా. ఒక జీవో అడుగుతున్నాను. ఆ జీవో వల్ల ఏమొస్తుందంటే, పాఠ్యపుస్తకంలో ఒక పేజీ వస్తుంది. ఆ పేజీ చదివిన పిల్లవాడు పొలంలో వింత రాయి కనబడితే విసిరేయడు.

ఆ విసిరేయడమే నా బెంగ. ఈ లోయలో శిలాజాలు మ్యూజియంలో దాక్కుని లేవు. వానలకు మట్టి కొట్టుకుపోతే పైకి తేలతాయి. ట్రాక్టరు పళ్లకు తగులుతాయి. గట్టు మీద రాళ్ల కుప్పలో కలిసిపోతాయి. నేను ఒక పొలంలో కూర్చుని గట్టు రాళ్లు తిరగేశాను ఒకసారి. గుప్పెడంత తునక. పైకి మామూలు రాయే. విరిగిన అంచున చూస్తే స్పాంజిలా సన్నటి రంధ్రాలు, రొట్టెముక్క కోసినట్టు. రాయికి అట్లా ఉండదు, ఎముకకే ఉంటుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇంకో పని చేస్తారు, నాలుకకు తాకించి చూస్తారు. ఎముక శిలాజమైతే రంధ్రాలు తడిని పీల్చి నాలుకకు కాస్త అంటుకుంటుంది. నేనూ తాకించాను. అంటుకుంది. ఆ రైతన్న నన్ను చూసి పకపకా నవ్వి, "సారూ, రాయి తినుడు మొదలువెట్టినవా?" అన్నాడు. అది ఏ జీవిదో నాకు తెలియదు. ఎక్కడ తీశానో అక్కడే పెట్టి, ఆ చోటు ఫొటో తీసి, తెలిసినవాళ్లకు పంపాను. జవాబు రాలేదు. ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యటం లేదు, నా ఉత్తరం ఎవరి బల్ల మీదో ఏ కాగితాల కిందో ఉండి ఉంటుంది. అది రాష్ట్ర చిహ్నం తాలూకు జాగా అయి ఉంటే ఆ ఉత్తరం పైకి వచ్చేదని నా నమ్మకం.

నమ్మకానికి ఇంకో ఊరు చూపిస్తాను. మధ్యప్రదేశ్ ధార్ జిల్లాలో పాడ్ల్యా అనే పల్లె. అక్కడి రైతులు పొలాల్లో దొరికిన అరచేతిలో పట్టేంత గుండ్రటి రాళ్లను కాకడ్ భైరవుడని తరతరాలుగా పూజించారు. కాకడ్ అంటే పొలిమేర, భైరవుడంటే వాళ్ల కులదైవం. పశువుల్ని, పొలాన్ని కాపాడతాడని కొబ్బరికాయ కొట్టారు. 2023లో శాస్త్రజ్ఞులు వచ్చి చూసి అవి టైటానోసార్ గుడ్లని చెప్పారు. అవి ఇన్నాళ్లు పగలకుండా మిగిలింది ఎందుకు? చట్టం వల్ల మాత్రం కాదు. ఊరు వాటికి ఒక స్థానం ఇచ్చింది, అందుకని. పూజించమని నేను చెప్పను. ఆ ఊరు చేసిన పనిలో మనకు కావాల్సిన భాగం అదే, స్థానం ఇవ్వడం.

సింగరేణి కార్మిక సోదరులకు ఒక మాట. మీరు దిగే గనుల బొగ్గూ, ఈ ఎముకలూ ఒకే లోయ సంతానం. బొగ్గు పొర కింద, ఎముకల పొర పైన. 1870ల తొలినాళ్లలో జీఎస్ఐకి చెందిన విలియం కింగ్ ఇల్లెందు దిక్కు బొగ్గు జాడ చెప్పాడు. ఆయనే ఈ లోయ రాతిపొరల మీద పెద్ద గ్రంథం రాశాడు. బొగ్గు మనకు అన్నం పెట్టింది, ఆ సంగతి ప్రతి ఇంటికీ తెలుసు. పైపొర కథ మాత్రం మన ఇళ్లకు చేరలేదు. మట్టిని మీ అంత దగ్గరగా చూసేవాళ్లు ఈ రాష్ట్రంలో లేరు. ఈ పిలుపు మీ బస్తీల నుంచి లేస్తే దాని బరువే వేరు.

ఇక పనిలోకి వద్దాం. ఉపాధ్యాయులు ఈ నెలలో ఒక్క పీరియడ్ కోటాసారస్‌కు ఇవ్వండి. సిలబస్ ఏమీ కూలిపోదు. బడి ఆవరణలో సున్నంతో 9 మీటర్ల గీత గీసి, దాని మీద పిల్లల్ని వరసగా నిలబెట్టి ఎంతమంది పడతారో లెక్క పెట్టించండి. హైదరాబాద్ దగ్గరున్నవాళ్లు విహారయాత్రల్లో ఒక పూట బిర్లా సైన్స్ సెంటర్‌కు కేటాయించండి, తల అసలుది కాదన్న నిజంతో సహా చెప్పండి. ప్రాణహిత ఒడ్డు సర్పంచులు గ్రామసభలో రెండు తీర్మానాలు పెట్టండి. ఒకటి, కోటాసారస్‌ను రాష్ట్ర చిహ్నం చేయాలని. రెండోది నాకు ఇంకా ముఖ్యం, మా ఊరి పరిధిలో శిలాజాలు కనబడితే తవ్వం, అమ్మం, పగలగొట్టం, చోటు గుర్తు పెట్టి జీఎస్ఐకి తెలియజేస్తామని. రైతన్నలకు భయం అక్కర్లేదు, రాయి దొరికిందని చెబితే భూమి పోదన్న హామీని కూడా అదే తీర్మానంలో ప్రభుత్వాన్ని అడగండి. ఆ హామీ లేకుండా రైతు నోరు విప్పడు, విప్పమనడం న్యాయం కూడా కాదు. శిలాజాల్ని కొనడానికి సంచి పట్టుకుని వచ్చేవాడు ఎవడైనా కనబడితే మాత్రం ఊరంతా ఒక్కటై వాణ్ణి బస్సెక్కించండి.

పిల్లలారా, అసలు పని మీది. న్యూజెర్సీలో మూడేళ్లు, వాషింగ్టన్‌లో నాలుగేళ్లు పట్టింది. మీకూ పట్టొచ్చు. మీరు పై తరగతికి వెళ్లిపోతే మీ చెల్లెళ్లు, తమ్ముళ్లు రాస్తారు. మన దసరా దగ్గరకొస్తోంది. పాలపిట్టను చూసి, జమ్మి దగ్గర బంగారం పంచుకుని, పెద్దల కాళ్లకు దండం పెట్టి ఇంటికొచ్చాక ఒక పోస్టుకార్డు తీసుకోండి. ఒక ఊరి నుంచి ఒక్కటి కాదు, ఒక బడి నుంచి ఒక మూట పోవాలి. సచివాలయంలో తపాలా సంచి బరువుకు ఎవరో ఒకరు "ఏంటివన్నీ?" అని తల తిప్పి చూడాలి.

ఏం రాయాలో తెలియక పెన్ను కొరుకుతూ కూర్చోవద్దు. ఆ ఏడో తరగతి పిల్లవాడు తర్వాత నాకు రాసి చూపించిన కార్డు నా దగ్గర ఉంది. అక్షరాలు వంకర, ఒక చోట సున్నా మరిచిపోయాడు. పైన "ముఖ్యమంత్రి గారికి నమస్కారాలు" అని ఉంది. కింద ఇలా మొదలవుతుంది: "సార్, మా అమ్మమ్మ వాళ్ల ఊరి దిక్కు ఒక పెద్ద జంతువు దొరికింది. దాని తల ఇంకా దొరకలేదు. మేం చూస్తున్నాం."